పులుసు ఎక్కడ బావా అని అడిగినవాళ్లందరికీ

నిన్న రాత్రి ఒక ఫొటో పెట్టాను. అలాస్కాలో కీనాయ్ నది, నా చేతుల్లో ఒంటి పొడవునా గులాబీ చార ఉన్న రెయిన్‌బో ట్రౌట్ చేప. పొద్దున లేచి చూస్తే ఫొటో కన్నా మా బావమరిది కామెంటుకే ఎక్కువ లైకులు. "అన్ని డాలర్లు పోసి పట్టుకుని, ఫొటో దిగి వదిలేశావా? పులుసు ఎక్కడ బావా?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఆ నవ్వినవాళ్లే కాస్ట్‌కో స్టోర్లో సాల్మన్ చేప ముక్క కొనుక్కొచ్చి, మసాలా దట్టించి, 'వైల్డ్ కాట్' (అంటే పెంచింది కాదు, వేటాడి పట్టింది) అని స్టేటస్ పెడతారు. ఎక్కడి వైల్డో, ఎవరు కాట్ చేశారో అడగకూడదు.

అయ్యా, ఎగువ కీనాయ్‌లో 16 అంగుళాలు దాటిన ట్రౌట్‌ని ఇంటికి తీసుకెళ్లకూడదు. నాకు పడింది దాటింది. రూలు లేకపోయినా వదిలేసేవాణ్ణే, అది వేరే సంగతి. సాల్మన్ సముద్రం నుంచి వచ్చి, గుడ్లు పెట్టి, ఆ నదిలోనే చచ్చిపోతుంది. ట్రౌట్ అలా కాదు, ఏళ్ల తరబడి బతికి మళ్లీ మళ్లీ గుడ్లు పెడుతుంది. అందుకే అది గుడ్లు పెట్టే కాలంలో, మే 2 నుంచి జూన్ 10 దాకా, అక్కడ గాలమే వేయనివ్వరు. మనకేమో సీజన్ అంటే మామిడికాయలకీ, స్కూలు సెలవులకీ మాత్రమే.

ఇంకో పెద్దమనిషి, "పడవ తోలే గైడ్‌కి అంత డబ్బా?" అన్నాడు. తోలడమా! ఎగువ కీనాయ్‌లో మోటారు వేయకూడదు. రోజంతా రెండు తెడ్లతో, ఆ చల్లటి నీటి వడిలో, రాళ్ల మధ్య పడవని నిలబెట్టాలి. నిలబెడుతూనే నా గాలం లైన్ నీటి మీద సాఫీగా పోతోందా, ఈడ్చుకుపోతోందా అని కూడా చూడాలి. మా గైడ్ పెట్టె తెరిస్తే అన్నీ చేప గుడ్లలా కనిపించే ప్లాస్టిక్ పూసలు, గోళ్ల రంగు పూసి ఆరబెట్టినవి. సెప్టెంబరులో సాకై సాల్మన్ గుడ్లు పెడుతుంటే ట్రౌట్ వెనకే కాచుకుని ఆ గుడ్లు తింటుంది. అప్పుడే పెట్టిన గుడ్డు నారింజ రంగు, నాలుగు రోజులు నానినది పాలిపోయిన రంగు. పొద్దున నారింజ పూసని చేపలు పట్టించుకోలేదు. ఆయన నీళ్లలోకి కాసేపు చూసి, లైన్‌కి పాలిపోయిన పూస ఎక్కించి, పళ్లు కుట్టుకునే పుల్లతో దాన్ని బిగించి, మిగిలిన పుల్ల విరిచేశాడు. పూసకీ గాలం ముల్లుకీ మధ్య రెండు అంగుళాలు మించకూడదు, అదీ రూలే. మూడో విసురుకే లైన్ లాగింది. చేప వలలోకి వచ్చాక చేతులు తడుపుకోమన్నాడు, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోతుందట. వాళ్లకి చేప ఒంటి మీద జిగురు గురించి కూడా పట్టింపే. మనవాళ్లకి ఆ జిగురంటే ఉప్పూ పసుపూ వేసి తోమి కడిగేసేదే కదా.

పులుసు కావాలా, జులైలో వెళ్లండి, సాకై వస్తుంది. కీనాయ్‌లో రష్యన్ రివర్ కలిసేచోట పుష్కరాల రేవులో నిలబడ్డట్టు భుజాలు రాసుకుంటూ నిలబడాలి. నదిలోకి వచ్చిన సాకై అసలు మేత జోలికి పోదు, లైన్ నోట్లోంచి జారుతూ ముల్లు తగిలితే తగిలినట్టు. నోట్లో తగిలితేనే నీది, వీపుకో తోకకో తగిలితే వదిలేయాలి. ఆమధ్య మన తెలుగాయనే ఒకడు తోకకి పడినదాన్ని సంచిలో వేసుకుంటూ, "ఎవరు చూస్తారన్నా" అన్నాడు. నేను చూశాను తమ్ముడూ. ఇక జులైలో నది మొగదాల దగ్గర పెద్ద వలలు పెట్టి పట్టుకునేది అలాస్కా నివాసులకే. ఇంటి పెద్దకి 25 చేపలు, ఇంట్లో మిగతా ఒక్కో మనిషికీ 10. "అలాస్కాలో, ఆంకరేజ్‌లో ఉండే మనవాడి పర్మిట్ మీద పట్టేద్దాం" అని ప్లాన్ వేసే బ్యాచ్ ఒకటుంది. ఎవరో వాళ్లకి తెలుసు.

ఇదే నదిలో 1985లో 97 పౌండ్ల కింగ్ సాల్మన్ గాలానికి పడింది, ఇప్పటికీ అదే రికార్డు. ఈమధ్య కొన్నేళ్లుగా కింగ్‌లు తగ్గిపోయాయని ఆ వేటే మూసేశారు. గైడ్‌లకి నష్టమే అయినా మూసేశారు.

ఇప్పుడు పులస చేపకి వద్దాం, ఎందుకంటే మా బావమరిది రాజమండ్రివాడు. అదీ సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చేదే. జన నిండా ఉన్న తల్లి చేప కోసం పుస్తెలమ్మడానికైనా రెడీ, అది గుడ్లు పెట్టే దాకా ఆగడానికి మాత్రం ఎవరూ రెడీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొరని ఒక్క మాట అనను, ఆ డెల్టా అన్నం తిన్నవాణ్ణే. కానీ ఆ గోడ దగ్గర చేప గతేమిటని మనింట్లో ఎవరైనా ఒక్కసారి అడిగారా? మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా నది మీద రెండు ఆనకట్టల్ని 2011 నుంచి 2014 దాకా పగలగొట్టారు, సాల్మన్ మళ్లీ పైకి వెళ్లాలని. మనం మాత్రం ఎక్కడిదో ఐసు పెట్టెలో వచ్చిన ఇలసని (అదే జాతి, గోదావరి ఎక్కనిది) గోదావరి పులస అని వేలకు వేలు పోసి కొని, "ఆ రుచే వేరండీ" అంటాం. పోయిన ఏడాది మా బావమరిది కొన్నది అదే. ముల్లు చూసి మా అత్తయ్య కనిపెట్టేసింది, అల్లుడి ముందు కొడుకు పరువు పోతుందని నోరు మెదపలేదు.

గైడ్ నంబరు కావాలని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్లకి ఇస్తాను. జనవరిలోనే అడగండి, సెప్టెంబరు తేదీలు ముందే అయిపోతాయి. బేరం ఆడొద్దు. దిగేటప్పుడు 20 శాతం టిప్ చేతిలో పెట్టండి. ఒకసారి నలుగురు వచ్చి, రోజంతా తిరిగి, ఇరవై డాలర్ల నోటు ఇచ్చి, "ఫైవ్ స్టార్ రివ్యూ రాస్తాం" అన్నారట. ఎక్కడివాళ్లో మా గైడ్ చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.