ఎకో కొంచెం పెంచు తమ్ముడూ

విశాఖ క్రైస్తవుల్లో దైవభయం తగ్గిపోయిందన్న సంగతి మద్దిలపాలెంలో ఒక ఆటో వెనక పోస్టర్ చూశాకే నాకు తెలిసింది. దాన్ని మళ్లీ పెంచడానికి మూడు రాత్రులు మహాసభలట. పోస్టర్ మీద ప్రసంగీకుడి ముఖం గుమ్మడికాయంత, ప్రభువు పేరు ఆవగింజంత. ఆవగింజకు సువార్తల్లో గౌరవస్థానం ఉంది కాబట్టి నేనేమీ అనుకోలేదు. వెళ్లాను.

దైవభయం ఎక్కడ పుడుతుందో మొదటి రాత్రే కనిపెట్టాను. వేదికకు ఎడమ పక్కన, మైక్‌సెట్ కుర్రాడి ముందున్న మిక్సర్ మీద, కుడి నుంచి మూడో నాబ్.

అయ్యగారు రెండు వేళ్లు పైకెత్తుతారు. తమ్ముడు నాబ్ తిప్పుతాడు. "దేవునికి భయపడండి!" అంటే "పడండి… పడండి…" అని వినిపించి, ముందు వరసలో ముగ్గురు నిజంగానే పడ్డారు. "మారుమనస్సు!" అంటే అది మైదానం చివరికి చేరేసరికి "మనస్సు… నస్సు… నస… నస…" అయింది. కానుకల వేళ మాత్రం ఎకో పూర్తిగా తీయించేశారు. ఫోన్‌పే నంబరు స్పష్టంగా వినబడాలి కదా!

రెండో రాత్రి కరెంటు పోయింది. అలవాటు కొద్దీ అయ్యగారు చీకట్లోనే రెండు వేళ్లెత్తి "వణకండి!" అన్నారు. జలుబు చేసినట్టు సన్నటి గొంతు. వెనక కుర్చీలో ఒక చంటిది "అమ్మా, ఈయనెవరే?" అంది. కొందరు దోమలు కొట్టుకున్నారు. ఇద్దరు పెద్దలు బఠాణీలు కొనుక్కొచ్చారు. పావుగంటకి జనరేటర్ అందుకుంది, నాబ్ తిరిగింది, జనం మళ్లీ వణికారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఏ మిక్సరూ లేదు. అదీ ఆదివారమే. మా వీధి వీధంతా మోకాళ్ల మీద ఉంది. ఆ భయం కరెంటొచ్చేదాకా ఉంది, అంతే. 1805లో ఈ ఊరికొచ్చి సువార్తల్ని తెలుగు చేయడానికి కూర్చున్న క్రాన్, డెగ్రాంజెస్ దొరలకి కరెంటే తెలియదు పాపం. 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో మొదటి సువార్తలు అచ్చయ్యేసరికి ఇద్దరూ చనిపోయారు. ఎకో లేకుండా ఎలా నెట్టుకొచ్చారో!

హెబ్రీలో "యిరా" అన్న ఒక్క మాటని మన తెలుగు బైబిలు "భయభక్తులు" అని జంటగా రాసింది. ఆ జంటని మనవాళ్లు చక్కగా విడదీశారు. భయం కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి, భక్తి వేదిక మీద శాలువాలకి.

ఇంతవరకూ నవ్వుకున్నాను. మూడో రాత్రి మంచినీళ్ల డ్రమ్ము దగ్గర ఆ మైక్‌సెట్ కుర్రాడు పట్టుకున్నాడు. "గురువుగారూ, మీరు సంఘంవోరే కదా, ఓ మాట చెప్పండి. పోయినేడు సభల డబ్బులే ఇంకా రాలేదండి. అడిగితే 'ప్రభువు సేవే కదా తమ్ముడూ' అంటన్నారు."

ఏడాది! లేవీయకాండం 19వ అధ్యాయం 13వ వచనం, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. ఇక్కడ మూడొందల అరవై అయిదు సార్లు తెల్లారింది. ఆ తర్వాతి వచనమే, చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి ముందు అడ్డం వేయకు, నీ దేవునికి భయపడు, అంటుంది. చెవిటివాడికి తిట్టు వినబడదు, గుడ్డివాడికి అడ్డం పెట్టిందెవరో కనబడదు. ఎవడూ పట్టుకోలేని ఆ చోటే దేవుడు "భయపడు" అన్నాడు. మైదానంలో కాదు, లైవ్‌లో కాదు. అయ్యా పెద్దలారా, ఆ పిల్లాడి కష్టం మింగేసి, వాడి చేతే నాబ్ తిప్పించుకుని, మమ్మల్ని వణకమంటారా? సిగ్గు లేదూ? మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి జీతం కూడా సేవేనా?

కోశాధికారి దగ్గరికి వెళ్లి ఇదే అడిగాను. "ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడదాం బ్రదర్, ఇప్పుడు సన్నిధి దిగుతోంది" అన్నారు, కళ్లు మూసుకుని.

వేదిక మీద ముగింపు ప్రార్థన. అయ్యగారి రెండు వేళ్లు పైకి లేచాయి. మళ్లీ లేచాయి. మూడోసారి చెయ్యి మొత్తం ఊగింది.

తమ్ముడు అటు చూడలేదు. కింద కూర్చుని వైరు చుట్టుకుంటున్నాడు.