కాంగ్రెస్‌కు ఎదురే లేదా? నల్గొండ ఓటరు ఒప్పుకోడు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "స్వాతంత్ర్యం వచ్చాక ఇరవై ఏళ్లు దేశంలో ఉన్నది ఒకే పార్టీ. చదువురాని జనం నెహ్రూ పేరు చెబితే గుడ్డిగా ఓటేశారు. ప్రతిపక్షానికి బలమే లేదు." ఇందులో ఏ ఒక్క మాటా నిలబడదు.

ఒకే పార్టీ అన్నారు. 1952లో లోక్‌సభలో 489 స్థానాలకు కాంగ్రెస్ 364 గెలిచింది, నిజమే. పడ్డ ఓట్లు మాత్రం 45 శాతం. 1957లో, 1962లో కూడా సగం దాటలేదు. 1952లో సోషలిస్టులకు పది శాతానికి పైగా ఓట్లు పడినా దక్కినవి 12 సీట్లే. ఎదుటివాళ్లు లేక కాదు, ఎదుటివాళ్ల ఓటు చీలి కాంగ్రెస్ గెలిచింది.

ఇక గుడ్డి ఓటు. ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. 1952లో బ్యాలెట్ మీద పేర్లుండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్ గుర్తు జోడెద్దుల పెట్టె, కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలి పెట్టె రెండూ ఓటరు కళ్లెదుటే ఉండేవి. అక్షరం రాని మనిషి ఏరికోరి తనకు కావలసిన పెట్టెలో చీటీ వేశాడు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటి కాంగ్రెస్ నాయకుణ్ణి ఓడించి కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డిని గెలిపించాడు. నల్గొండలో లోక్‌సభకు నిలబడ్డ కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పోశాడు. అప్పట్లో ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్ర శాసనసభలో 375కు కాంగ్రెస్‌కు వచ్చినవి 152, మెజారిటీయే లేదు. ఇది గుడ్డితనమా?

బలం లేదన్న మాటకు 1955 ఆంధ్ర ఎన్నికలు చూడండి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు పడ్డాయి, సీట్లు 196లో 15. మూడేళ్ల కిందట అదే నేల మీద వాళ్లు కాంగ్రెస్‌తో దాదాపు సమానంగా గెలిచారు. ఈసారి ప్రకాశం, రంగా వర్గాలు కాంగ్రెస్‌తో చేతులు కలిపాయి, 146 సీట్లు ఆ కూటమి ఎగరేసుకుపోయింది. కమ్యూనిస్టులకు ఓటేసిన జనం ఎక్కడికీ పోలేదు, సీట్ల లెక్కలో కనబడకుండా పోయారంతే.

కేరళ సంగతి మరీ అన్యాయం. 1957లో అక్కడి జనం కమ్యూనిస్టులను గద్దెనెక్కించారు. శాసనసభలో మెజారిటీ ఉండగానే, 1959 జులై 31న ఢిల్లీ ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది.