మందు పనిచేయలేదా, అసలు మందు పడలేదా?

మూడో రోజు రౌండ్స్‌లో తరచూ వినపడే మాట: "జ్వరం తగ్గడం లేదు, యాంటీబయాటిక్ మారుద్దాం." మార్చడమంటే ఎప్పుడూ పైమెట్టుకే. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ (పిప్‌టాజ్) నుంచి మెరోపెనెమ్‌కి, అక్కణ్ణించి కొలిస్టిన్‌కి. కల్చర్ రిపోర్టు (ఏ బాక్టీరియా పెరిగిందో చెప్పేది) చూస్తారు, సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్, వాపు తీవ్రత చెప్పే రక్తపరీక్ష) చూస్తారు, ఎక్స్‌రే మళ్లీ తీయిస్తారు. రాసిన డోసుల్లో ఎన్ని పడ్డాయి, ఏ టైముకి పడ్డాయి, పడ్డవాటిలో ఎంత ఎక్కింది అని డ్రగ్ చార్ట్ మాత్రం తిరగేయరు. రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) అని బాక్టీరియా మీద నింద వేసేముందు నరంలోకి మందు ఎక్కించే మన ఐవీ స్టాండ్ వైపు ఒకసారి చూడమంటాను. చీటీ మీద రాసిన మందు వేరు, రక్తంలోకి చేరిన మందు వేరు. ఆ రెంటి మధ్య ఉన్నవి నర్సు చేతులు, గోడ గడియారం, ఒక ప్లాస్టిక్ ట్యూబు.

గడియారంతో మొదలుపెడదాం. "టీడీఎస్" (రోజుకి మూడుసార్లు) అని రాస్తారు. వార్డులో అది ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 అయి కూర్చుంటుంది, బిళ్లల ట్రాలీ ఆ వేళకే తిరుగుతుంది కాబట్టి. 8 నుంచి 2కి ఆరు గంటలు, 2 నుంచి 8కి ఆరు గంటలు, రాత్రి 8 నుంచి తెల్లారి 8 దాకా పన్నెండు గంటలు. కిడ్నీలు బాగున్న మనిషిలో మెరోపెనెమ్, పిపెరాసిలిన్ దాదాపు గంటకోసారి సగమైపోతాయి. ఆరు గంటలకి మిగిలేది 64లో ఒక వంతు. పన్నెండు గంటలకి 4096లో ఒక వంతు. అంటే తెల్లవారుజామున ఆ పేషెంటు ఒంట్లో చెప్పుకోదగ్గ మందే లేదు. ఈ జాతి మందులకి రక్తంలో మట్టం ఎంత ఎత్తుకి లేచిందన్నది ముఖ్యం కాదు, బాక్టీరియాని ఆపే గీతకి పైన ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క. కాబట్టి అది "రోజుకి మూడుసార్లు" కాదు, "ఎనిమిది గంటలకోసారి". 6, 2, 10. రాత్రి పేషెంటుని లేపాల్సి వస్తుందా? లేపండి. ఐవీ అయితే లేపాల్సిన పని కూడా లేదు.

జెంటామైసిన్, అమికాసిన్‌ల తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అవి ఒక్కసారి ఎత్తుగా లేవాలి, తర్వాత బాగా కిందికి దిగాలి. అందుకే ఎక్కువమందికి రోజుకొక్క పెద్ద డోసు. దిగకుండా నిలిచిపోతే కిడ్నీ, లోపలి చెవి దెబ్బతింటాయి. యూరిన్ ఎంత వస్తోంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎటు పోతోంది అన్నవి ఎలాగూ చూస్తారు. "చెవిలో హోరు ఉందా? లేచి నడిస్తే తూలుతోందా?" అని మాత్రం ఎవరూ అడగరు. చెవి పోయాక తిరిగి రాదు, కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ ప్రతి షిఫ్టులో పడాలి.

మొదటి డోసుకి అందరూ పరుగెడతారు. సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోవడం) అయితే గంటలోపు పడాలని ఇప్పుడు అందరికీ తెలుసు, మంచిదే. రెండో డోసుకే దిక్కు లేదు. ఎమర్జెన్సీలో ఉదయం 9కి పిప్‌టాజ్ పడింది, ఆరు గంటలకోసారి అని రాశారు. రెండోది మధ్యాహ్నం 3కి రావాలి. పేషెంటు 1 గంటకి వార్డుకొచ్చాడు. వార్డు టైములు 6, 12, 6, 12. పన్నెండు దాటిపోయింది, "సరే సాయంత్రం ఆరుకి" అంటారు. తొమ్మిది గంటలు గడిచిపోయాయి, అదీ బాక్టీరియా విజృంభించి ఉన్న మొదటి రోజునే. చేయాల్సింది: 3కి ఒక డోసు వేసి, అక్కణ్ణించి ఒక్కో డోసు కాస్త ముందుగా ఇచ్చుకుంటూ వార్డు టైములో కలపడం. కలపడానికి గంట, రెండు గంటలు ముందుగా ఇవ్వొచ్చు గానీ ఆలస్యం చేయకూడదు. (కిడ్నీ బాగోలేకపోతే, లేదా జెంటామైసిన్, వ్యాంకోమైసిన్ లాంటివైతే సొంతంగా జరపొద్దు, డాక్టర్‌ని అడిగే జరపాలి.) హ్యాండోవర్‌లో (పేషెంటుని అప్పగించేటప్పుడు) "యాంటీబయాటిక్ ఇచ్చాం" అంటే చాలదు, "9కి ఇచ్చాం, తర్వాతది 3కి" అనాలి.

ఆ మొదటి డోసుకి ముందే బ్లడ్ కల్చర్. సీసాకి 2 మి.లీ. రక్తం పోసి "నో గ్రోత్" వచ్చిందంటే ఏం చెప్పినట్టు? పెద్దవాళ్లకి సీసాకి 8 నుంచి 10 మి.లీ. కావాలి, రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండు సెట్ల సీసాలు. మూత తీసిన సీసా రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకుంటారు, ఉండదు. ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. నరం దొరకట్లేదని మాత్రం షాక్‌లో ఉన్న మనిషికి మందు ఆపి కూర్చోవద్దు.

ఇప్పుడు అసలు కోపం తెప్పించే విషయం, ఆ ట్యూబు. మామూలు ఐవీ సెట్‌లో ఛాంబర్ (చుక్కలు పడే బుడ్డి) కింది నుంచి క్యాన్యులా (నరంలో ఉండే చిన్న గొట్టం) దాకా దాదాపు 15 నుంచి 20 మి.లీ. నిలుస్తుంది. సీసా ఖాళీ అయింది, ఛాంబర్‌లో చుక్క ఆగింది, క్లాంప్ బిగించారు, సెట్ పీకి బుట్టలో పడేశారు. బుట్టలోకి ఏం పోయిందో లెక్కేయండి. పిప్‌టాజ్ 4.5 గ్రాములు 100 మి.లీ.లో కలిపి ఉంటే, ట్యూబులో 20 మి.లీ. మిగిలితే 0.9 గ్రాములు. డోసులో ఐదో వంతు. నీళ్లు ఎక్కువ పోకూడదని 50 మి.లీ.లో కలిపితే 40 శాతం. చార్ట్‌లో మాత్రం పూర్తి డోసుకి సంతకం. రోజుకి నాలుగుసార్లు ఇదే జరిగితే, మూడో రోజున "పిప్‌టాజ్ పనిచేయలేదు" అనే తీర్పు ఎక్కణ్ణించి వచ్చిందో అర్థమవుతుంది.

దీనికి విరుగుడు చాలా సులువు, అదే విసుగు. సీసా ఖాళీ కాగానే అదే సెట్‌కి సెలైన్ తగిలించి కనీసం 25-30 మి.లీ. పోనివ్వాలి. ఇక్కడ ఇంకో తప్పు కాచుకుని ఉంటుంది: ఫ్లష్ (ట్యూబు కడగడం) కదా అని క్లాంప్ పూర్తిగా వదిలేయడం. ట్యూబులో ఉన్నది ఇంకా మందే. మందు ఏ స్పీడుతో నడిచిందో ఫ్లష్ కూడా అదే స్పీడుతో నడవాలి. మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న వ్యాంకోమైసిన్ 20 మి.లీ. ట్యూబులో ఉంటే అది 100 మి.గ్రా. పది నిమిషాల్లో పోవాల్సింది పది సెకన్లలో తోసేసినట్టే.

వ్యాంకోమైసిన్ పేరొచ్చింది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. "గంటలో ఎక్కించాలి" అని అందరూ బట్టీపట్టారు. నిజానికి నియమం నిమిషానికి 10 మి.గ్రా. మించకూడదని, ఎంత చిన్న డోసైనా గంటకి తగ్గకూడదని. అంటే 1 గ్రాముకి 100 నిమిషాలు, 1.5 గ్రాములకి రెండున్నర గంటలు. చేతి నరానికైతే మి.లీ.కి 5 మి.గ్రా. మించని పలచన కావాలి, అంటే 1 గ్రాముకి కనీసం 200 మి.లీ. పంపు లేదా? 20 చుక్కలకి 1 మి.లీ. వచ్చే సెట్ అయితే నిమిషానికి 40 చుక్కలు. చుక్కలు లెక్కపెట్టి వదిలేసి వెళ్తే పేషెంటు చెయ్యి మడిచినప్పుడల్లా మారిపోతాయి, పావుగంటకోసారి చూడాలి. 100 మి.లీ. సీసాలో 1 గ్రాము కలిపి అరగంటలో ఎక్కించేస్తే ముఖం, మెడ, ఛాతీ పైభాగం ఎర్రబడి దురద మొదలవుతుంది. ఒక్కోసారి బీపీ పడిపోతుంది. ఇది స్పీడు వల్ల హిస్టమిన్ విడుదలై వచ్చేది, చాలావరకు అసలైన అలర్జీ కాదు. ఆపాలి, డాక్టర్‌కి చెప్పాలి, యాంటీహిస్టమిన్ ఇచ్చాక తగ్గితే సగం స్పీడుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. పిల్లికూతలు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం ఉంటే లెక్క వేరు, అది అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి వచ్చే అలర్జీ) కిందే చూడాలి. మన స్పీడు తప్పుకి ఫైలు మీద ఎర్ర సిరాతో "వ్యాంకోమైసిన్ అలర్జీ" అని రాసేస్తే, ఆ మనిషికి అవసరమైన రోజున మంచి మందు ఒకటి తలుపు మూసేసుకున్నట్టే. లెవెల్‌కి (ఒంట్లో మందు ఎంతుందో చూడటానికి) రక్తం తీసేటప్పుడు మందు ఎక్కే చేతి నుంచి తీయకండి. తీసిన టైము, ముందటి డోసు టైము రెండూ రాయండి. అవి లేని లెవెల్ రిపోర్టు చిత్తుకాగితం.

అలర్జీ గురించి ఇంకో మాట. "పెన్సిలిన్ పడదు" అనగానే పెన్ను తీసి రాసేసుకోవడం కాదు. ఏ మందు, ఏమైంది, వేసిన ఎంతసేపటికి, ఎన్నేళ్ల కిందట, ఆ తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ వాడారా? ఒట్టి వాంతులు, విరేచనాలు మాత్రమే అయితే అలర్జీ అనలేం. నిమిషాల్లో దద్దుర్లొచ్చి ఊపిరాడకపోతే అదీ అలర్జీ. టెస్ట్ డోస్ బాగానే ఉందని ధీమాగా ఉండేవాళ్లకి ఒకటే చెప్పాలి: చర్మం మీద బుడగ రానంత మాత్రాన పూర్తి డోసుకి ఏమీ కాదని హామీ లేదు. మొదటి డోసు మొదలుపెట్టాక కొన్ని నిమిషాలు పక్కనే ఉండటమే నమ్మదగ్గ పరీక్ష. తేడా వస్తే మందు ఆపి, అడ్రినలిన్, మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్నది, పెద్దవాళ్లకి 0.5 మి.లీ., తొడ బయటివైపు మధ్యలో, కండకి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తు చేయాలి, ఊపిరి అందకపోతే కూర్చోబెట్టొచ్చు గానీ నిలబెట్టకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంకోటి. హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్), ఆవిల్ (యాంటీహిస్టమిన్) ముందు కొట్టి అడ్రినలిన్‌కి ఫోన్‌లో అనుమతి కోసం ఎదురుచూడటం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ రెండూ ఆగిపోతున్న ఊపిరిని నిలబెట్టవు.

కలపడంలో తప్పులు రాస్తే రాత్రి అయిపోతుంది, ప్రాణం మీదికి తెచ్చేవే చెబుతాను. సెఫ్ట్రయాక్సోన్‌ని రింగర్ లాక్టేట్‌తో, కాల్షియం ఉన్న దేనితోనూ కలపకూడదు, గడ్డలు కడుతుంది. పెద్దవాళ్లకి మధ్యలో లైన్ బాగా ఫ్లష్ చేసి ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వొచ్చు. 28 రోజుల్లోపు పసిబిడ్డకి ఐవీ కాల్షియం నడుస్తుంటే సెఫ్ట్రయాక్సోన్ అసలు వద్దు. కండకి ఇవ్వడానికి లిగ్నోకైన్‌తో కలిపిన సిరంజి నరంలోకి పోకూడదు. బెంజథీన్ పెన్సిలిన్ కండకే, నరంలోకి పోతే గుండె ఆగిపోవచ్చు.

ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ బి దగ్గర రెండు గోతులు. మొదటిది: 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే, సెలైన్ తగిలితే విరిగిపోతుంది, ఫ్లష్ కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే. రెండోది పేరు. లైపోసోమల్ రకం కిలోకి 3 నుంచి 5 మి.గ్రా. దాకా ఇస్తారు, మామూలు రకం రోజుకి కిలోకి 1.5 మి.గ్రా. దాటితే గుండె ఆగే ప్రమాదం. స్టోర్‌లో లైపోసోమల్ లేదని "అదే కదా" అంటూ మామూలు వయల్ తెచ్చి, అదే డోసు కలిపితే అయిపోయినట్టే. వయల్ మీద ఇంటిపేరుతో సహా చదవాలి. కొలిస్టిన్‌దీ ఇలాంటి తంటాయే: కొన్ని వయల్స్ మీద లక్షల యూనిట్లు, కొన్నింటి మీద మి.గ్రా. 10 లక్షల యూనిట్లంటే కొలిస్టిమెథేట్ లెక్కలో దాదాపు 80 మి.గ్రా., కొలిస్టిన్ బేస్ లెక్కలో దాదాపు 30 మి.గ్రా. ఆర్డర్ ఏ లెక్కలో రాశారో, చేతిలో ఉన్న వయల్ ఏ లెక్కలో ఉందో తేలేదాకా సిరంజి ముట్టుకోవద్దు.

బిళ్లల సంగతి త్వరగా. సిప్రోఫ్లాక్సాసిన్‌ని ఐరన్, కాల్షియం, యాంటాసిడ్‌లతో ఒకే గుప్పిట్లో ఇస్తే అవి దాన్ని కడుపులోనే పట్టేసుకుంటాయి. సిప్రో వాటికి 2 గంటల ముందు, లేదా 6 గంటల తర్వాత. డాక్సీసైక్లిన్‌కి నిండు గ్లాసు నీళ్లు, అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. రిఫాంపిసిన్ మొదలుపెట్టేముందే మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజరంగులో వస్తాయని చెప్పాలి. చెప్పకపోతే రక్తం పోతోందనుకుని మందు మానేస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి అవి పనిచేయకపోవచ్చని కూడా చెప్పాలి.

1945లో నోబెల్ ఉపన్యాసంలోనే అలెగ్జాండర్ ఫ్లెమింగ్ హెచ్చరించాడు, చంపడానికి చాలని మోతాదు తగిలితే సూక్ష్మజీవులు మందుని తట్టుకునేలా తయారవుతాయని. ఆయన మనసులో ఉన్నది కొట్లో కొనుక్కుని మింగేవాళ్లు. ట్యూబులో మిగిల్చే 20 మి.లీ. కూడా అదే పని చేస్తుంది.

ఇదంతా చదివి నర్సుల్ని తిట్టడానికి వాడుకోకండి. ముప్పై మంచాలకి ఇద్దరుంటే పావుగంటకోసారి చుక్కలెవరు లెక్కపెడతారు? చార్ట్‌లోనే 8-2-8 అచ్చువేసి ఉంటే 6-2-10 ఎవరు రాస్తారు? "ఇంజెక్షన్ వ్యాంకో 1 గ్రా. బీడీ" (రోజుకి రెండుసార్లు) అని ఏ ద్రవంలో, ఎంతలో, ఎంతసేపు అన్నది లేకుండా రాసి వెళ్లిపోయేవాళ్లు కూడా ఈ తప్పులో భాగస్థులే. అలాంటి ఆర్డర్‌ని వెనక్కి తిప్పి అడిగే హక్కు నర్సుకి ఉంది, అడిగితే విసుక్కోకండి.

చార్ట్‌లో ఖాళీ గడి మాత్రం వదలొద్దు. రాత్రి 10 డోసుకి క్యాన్యులా పోయి, నరం దొరక్క, తెల్లారి 6కి గానీ పడలేదనుకోండి. సంతకం పెట్టేయడం అబద్ధం, ఖాళీగా వదిలేయడం ఇంకో రకం అబద్ధం. గడిలో సున్నా చుట్టి, పక్కన "క్యాన్యులా పోయింది, 10:20కి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాం" అని రాయండి. 10:20కే చెబితే ఇంకో చోట లైన్ వేయడమో, కండకిచ్చే మందుకో బిళ్లకో మార్చడమో ఏదో ఒకటి జరుగుతుంది. చెప్పకపోతే మూడో రోజు ఆ చార్ట్ తిరగేసినవాళ్లకి కూడా ఆ ఎనిమిది గంటల ఖాళీ కనబడదు.