‘చేసినవాటికి కాదు, చేయనివాటికే ఏడుస్తాం’: ఈ ఫార్వర్డ్‌లో నిజమెంత?

వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరిగే సందేశం ఇది: ‘చేసిన పనులకన్నా చేయని పనులకే మనిషి ఎక్కువ పశ్చాత్తాపపడతాడని సైన్స్ తేల్చింది. ఎనభై ఏళ్ల వయసులో నిన్ను నువ్వు ఊహించుకో. సందేహం వస్తే దూకేయ్.’ కింద మార్క్ ట్వెయిన్ పేరు. ఉద్యోగం మానాలా, అప్పు చేసి ఫ్లాట్ కొనాలా, ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా అని సతమతమయ్యేవాళ్లకు దీన్ని పంపుతున్నారు. అందుకే ముక్కముక్కగా చూడాలి.

పేరు సంగతి ముందు. అమెరికన్ రచయిత ట్వెయిన్ 1910లో చనిపోయారు. ఆయన పేరిట తిరిగే ఆ మాట ఆయన రచనల్లో లేదు, 1990లో అచ్చయిన ఒక అమెరికన్ పుస్తకంలో ఉంది.

‘సైన్స్ తేల్చింది’

1982లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ జనాన్ని ఒక ఊహాజనిత ప్రశ్న అడిగారు. పాల్ తన షేర్లు మార్చాలనుకుని మార్చలేదు. జార్జ్ మార్చాడు. ఇద్దరికీ 1,200 డాలర్ల లాభం చేజారింది. ఎవరు ఎక్కువ బాధపడతారు? 92 శాతం మంది జార్జ్ అన్నారు. అంటే చేసినవాడే. ఇది ఫార్వర్డ్‌కు పూర్తిగా ఎదురు.

ఫార్వర్డ్‌కు మూలం 1994లో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్‌వెక్ చేసిన పరిశోధన. గడిచిన వారంలో అన్నిటికన్నా బాధపెట్టింది ఏదని అడిగితే చేసినవి 53 శాతం, చేయనివి 47 శాతం. మొత్తం జీవితంలో అని అడిగితే చేయనివి 84 శాతానికి పెరిగాయి. ఆ తర్వాత చైనా, జపాన్, రష్యాల్లో అడిగినా ఇదే ధోరణి కనబడింది కాబట్టి, అమెరికన్ల తీరు అని కొట్టిపారేయడమూ తప్పే. కానీ ఆ పరిశోధకులు చెప్పింది కాలంతో పాటు బాధ మారే తీరు గురించి. ఫార్వర్డ్ ఆ కాలాన్నే ఎగరగొట్టేసింది.

‘ఎక్కువ’

ఏది ఎక్కువ? ఎన్నిసార్లు గుర్తొస్తుందన్నది ఒక కొలత, ఎంత ఘాటుగా బాధిస్తుందన్నది ఇంకొకటి, ఎన్నేళ్లు ఉంటుందన్నది మూడోది. 2011లో మైక్ మారిసన్, నీల్ రోజ్ 370 మంది అమెరికన్లను ఫోన్లో అడిగితే చేసినవీ చేయనివీ దాదాపు సమానంగా వచ్చాయి. చేయనివాటి బాధ మాత్రం ఎక్కువ కాలం నిలిచింది. ‘ఎక్కువ కాలం’ అన్నది గ్రూపులు దాటేసరికి ‘ఎక్కువ’ అయింది.

నిలవడానికి కారణం కూడా ఉంది. చేసిన పని బెడిసికొడితే మనిషి ఊరుకోడు: క్షమాపణ అడుగుతాడు, వస్తువు వెనక్కిస్తాడు, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు, ‘పాఠమైనా నేర్చుకున్నా’ అని సర్దిచెప్పుకుంటాడు. నష్టం ఎంతో లెక్క తేలుతుంది కూడా. చేయనిదానికి ఆ లెక్క లేదు. వెళ్లని దేశంలో ఎంత సంపాదించి ఉండేవాళ్లమో ఊహకు హద్దుండదు. పైగా ఆనాటి భయం ఇవాళ చిన్నదిగా కనబడుతుంది. చేసినవాటి బాధ తగ్గేది దిద్దుకోగలిగినందువల్లే అయితే, దిద్దుకోలేని పనికి ఆ ఓదార్పు వర్తించదు. ఫార్వర్డ్ దాచిపెడుతున్న అసలు షరతు ఇదే.

‘ఎనభై ఏళ్ల నిన్ను ఊహించుకో’

అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ 1994లో ఉద్యోగం వదిలేటప్పుడు ఇలాగే ఆలోచించానని చెప్పారు. ఇలాగే ఆలోచించి మునిగినవాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. పైగా రాబోయే పశ్చాత్తాపాన్ని ఊహించడంలో మనం పొరబడతాం. 2004లో డేనియల్ గిల్బర్ట్ బృందం రైలు తప్పిపోయినవాళ్లను పరిశీలించింది. ఎక్కువ తేడాతో తప్పిపోవడం కన్నా ఒక్క నిమిషం తేడాతో తప్పిపోతే ఎక్కువ బాధగా ఉంటుందని జనం ఊహించారు. నిజంగా తప్పిపోయినవాళ్లకు అంత తేడా లేదు.

‘సందేహం వస్తే దూకేయ్’

దూకడమా ఆగడమా అన్నదొక్కటే పశ్చాత్తాపాన్ని నిర్ణయించదు, సందర్భం నిర్ణయిస్తుంది. 2002లో మార్సెల్ జీలెన్‌బర్గ్ బృందం ఇద్దరు ఫుట్‌బాల్ కోచ్‌ల ఉదాహరణ ఇచ్చింది. ఓడిన జట్టును ఒకరు మార్చారు, ఒకరు మార్చలేదు, మళ్లీ ఇద్దరూ ఓడారు. ఈసారి మార్చనివాడికే ఎక్కువ బాధ అన్నారు జనం. ముందు ఓటమి ఉంటే ఊరుకోవడం తప్పు, అంతా బాగున్నప్పుడు కదిలించడం తప్పు. అందరికీ ఒకే సలహా కుదరదు.

తీసుకున్న నిర్ణయంపై పశ్చాత్తాపాన్ని కొలవాలంటే వైద్యరంగంలో వాడుతున్న సాధనం ఉంది. కెనడా పరిశోధకులు 2003లో ప్రచురించిన స్కేలులో ఐదే వాక్యాలు:

1. ఇది సరైన నిర్ణయమే.
2. ఇలా ఎంచుకున్నందుకు చింతిస్తున్నాను.
3. మళ్లీ అవకాశం వచ్చినా ఇదే ఎంచుకుంటాను.
4. దీనివల్ల నాకు చాలా నష్టం జరిగింది.
5. ఇది తెలివైన నిర్ణయం.

ఒక్కోదానికి 1 (గట్టిగా ఒప్పుకుంటాను) నుంచి 5 (అస్సలు ఒప్పుకోను) వరకు అంకె వేయాలి. 2, 4 వాక్యాలను తిప్పాలి, అంటే 6లోంచి తీసివేయాలి. ప్రతి అంకెలోంచి 1 తీసేసి 25తో గుణించి, ఐదింటి సగటు కట్టాలి. 0 అంటే పశ్చాత్తాపం లేదు, 100 అంటే గరిష్ఠం. 2, 4, 3, 4, 2 అని వేసినవారికి తిప్పాక 2, 2, 3, 2, 2 అవుతుంది, స్కోరు 30. తిప్పడం మరిస్తే అదే మనిషికి 50 వస్తుంది. ఏ చింతా లేక 1, 5, 1, 5, 1 వేసినవారికి కూడా 40 పడుతుంది! సొంతంగా కొలుచుకునేవాళ్లు ముందు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

ఒక్కసారి కొలిచి ఆపకండి. నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి అవే వాక్యాలు, అదే వరుసలో. గమనించండి, ఈ స్కేలుకు తేదీ ఉన్న నిర్ణయం కావాలి. ఆపరేషన్ వద్దనుకోవడం నిర్ణయమే కాబట్టి దాన్ని కొలవొచ్చు. ‘ఎప్పుడూ సంగీతం నేర్చుకోలేదు’ అన్నదాన్ని దీంతో కొలవలేం, ఫార్వర్డ్‌లో ఎక్కువగా మాట్లాడేది అలాంటివాటి గురించే.

స్కోరు పక్కన ఇంకో రెండు ప్రశ్నలు విడిగా వేసుకోండి: ఆ రోజు తెలిసినదాన్ని బట్టి సరిగా ఆలోచించానా? ఫలితం ఎలా వచ్చింది? మొదటిదానికి ‘అవును’, రెండోదానికి ‘బాలేదు’ అని వస్తే అది చాలావరకు నిరాశ. దాన్ని పశ్చాత్తాపం ఖాతాలో వేస్తే వచ్చేసారి మంచి పద్ధతినే వదిలేస్తారు. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం జ్ఞాపకంలోంచి తీయకండి. ఫలితం తెలిశాక ‘నాకు అప్పుడే అనిపించింది’ అని మనసు కథ మార్చేస్తుంది. నిర్ణయం తీసుకున్న రోజే, ఏం తెలుసు, ఏం తెలియదు, ఎందుకు ఇటు మొగ్గాను అని తేదీ వేసి నాలుగు వాక్యాలు రాసి ఉంచితే, దాన్ని చూసి జవాబు రాయొచ్చు.