ఐసీయూ వరండాలో అడిగే ప్రశ్న కాదిది

"ముక్కులోంచి ట్యూబు వేయాలి. లేకపోతే తిండి పోదు. ఏం చేయమంటారు?"

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. రాత్రి పదకొండు దాటింది. ఐసీయూ బయట వరండాలో మా అక్కను ఇలా అడిగారు. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నల్లకుంట ఇంట్లో ఏడేళ్లుగా పెద్దమ్మను చూసుకుంటున్నది ఆమే. పెద్దమ్మకు అల్జీమర్స్. మాట పోయి ఏడాదైంది, నడక అంతకుముందే పోయింది. కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేది. ముద్ద నోట్లో పెడితే మింగాలన్న సంగతే మరిచిపోయి అలాగే బుగ్గన పెట్టుకునేది. పొలమారి న్యుమోనియా రావడం ఆ ఏడాదిలో అది మూడోసారి. డ్యూటీ డాక్టర్ ఫారం, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "మా అమ్మకు అన్నం పెట్టొద్దని నేనెట్లా చెప్తానురా?" అని నావైపు చూసి, అక్క సంతకం చేసింది.

మర్నాడు విజిటింగ్ టైములో వెళ్తే పెద్దమ్మ రెండు చేతులూ గాజుగుడ్డతో మంచం కమ్మీలకు కట్టేసి ఉన్నాయి. గొట్టం పీకేస్తోందట. కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టని మనిషి, అది తనకు వద్దని మాత్రం చేత్తో చెప్పగలిగింది.

ఆ డాక్టర్ మీద నాకు కోపం లేదు. ఆయన అడిగిన తీరు మీదే నా అభ్యంతరమంతా. గొట్టం వేయాలా, ఆకలితో మాడ్చాలా అన్నట్టుగా అడిగితే ఏ కూతురు వద్దంటుంది? మన ఇళ్లల్లో ప్రేమ అంటేనే తినిపించడం. "తిన్నావా?" అన్నదే మన పలకరింపు. అలాంటి చోట ఆ రెండు దారులే ఉన్నాయని చెప్పడం అక్కకు చేసిన అన్యాయం. ఎందుకంటే మూడో దారి ఉంది, పైగా వైద్యశాస్త్రం సిఫారసు చేసేది దాన్నే. అల్జీమర్స్ లాంటి జబ్బులతో జ్ఞాపకం, ఆలోచన క్రమంగా పోవడాన్నే డిమెన్షియా అంటారు. దాని చివరి దశలో గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందనడానికి గానీ, న్యుమోనియా తగ్గుతుందనడానికి గానీ, మంచాన పడి వచ్చే పుండ్లు మానతాయనడానికి గానీ ఆధారం లేదు. వృద్ధుల వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లోనే ఈ దశలో గొట్టం వద్దని, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని చెప్పింది. తల కాస్త ఎత్తి పెట్టి, మెత్తగా చేసిన పెరుగన్నం చెంచాతో కొద్దికొద్దిగా, మింగిందని గొంతు చూసుకుంటూ, మొహం తిప్పేస్తే ఆపేయడం. కడుపు నిండిందా లేదా అన్న లెక్క ఇక్కడ ఉండదు. నోటికి ఇంకా రుచి తెలుస్తుంది, పక్కన మనిషి ఉంటారు. అంతే.

ఈ మాట అక్కకు ఎవరూ చెప్పలేదు. అంతకన్నా పెద్ద మాట ఒకటి ఏడేళ్లలో ఏ ఒక్కరూ చెప్పలేదు. ఇది ప్రాణం తీసే జబ్బు అని. మనవాళ్లు మొదట చాదస్తమంటారు, తర్వాత మతిమరుపు అంటారు. మతిమరుపుతో మనిషి పోతాడని ఎవరనుకుంటారు? అందుకే చివరి న్యుమోనియా వచ్చినప్పుడు అది జబ్బు ముగింపులా కనిపించదు, మనం సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చిన ప్రమాదంలా కనిపిస్తుంది. అమెరికాలో 22 నర్సింగ్ హోముల్లో చివరి దశ డిమెన్షియా ఉన్న 323 మందిని 18 నెలలు గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా ఆ 18 నెలల్లోనే చనిపోయారు. తినడంలో ఇబ్బంది దాదాపు 86 శాతం మందికి వచ్చింది. అంటే మింగలేకపోవడం ఈ జబ్బు నడకలోనే ఉంది, అక్క తినిపించిన తీరులో లేదు. ఆ అధ్యయనంలో నన్ను పట్టుకున్న సంగతి మరొకటి. ఇక ఎంతకాలం ఉంటారో డాక్టర్ మాకు చెప్పారన్న కుటుంబాలు 18 శాతమే. ముందేం రాబోతోందో అర్థమైన కుటుంబాల్లో, చివరి మూడు నెలల్లో రోగిని హింసపెట్టే చికిత్సలు చాలా తక్కువ. మాట్లాడటం కూడా వైద్యమే అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అన్ని ఇళ్లల్లోనూ ఒక అక్కో, ఒక కోడలో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఈ కథకు ఇంకో పాత్ర ఉంటుంది. అమెరికాలో ఉండే కొడుకు. మా అన్నయ్య డాలస్ నుంచి ఫోన్లో "ఖర్చు గురించి ఆలోచించొద్దు, ఏదైనా చేయండి, నేను బయల్దేరుతున్నా" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. చివరిసారి చూసినప్పుడు పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఆయన పేరు పిలిచింది. మధ్యలో జారిపోయిన రెండేళ్లు ఆయన వీడియో కాల్లో చూశాడే తప్ప, పక్క మార్చలేదు, డైపర్ మార్చలేదు. "కొడుకు వచ్చేదాకా ఉంచండి" అన్న మాట మీద ఈ నగరంలో ఎన్ని వెంటిలేటర్లు నడుస్తున్నాయో ఏ ఐసీయూ నర్సును అడిగినా చెబుతుంది. దూరాన ఉన్నవాళ్లను కూడా ఫోన్లో కూర్చోబెట్టి, పెద్ద డాక్టరే అరగంట అందరితో కలిసి మాట్లాడితే చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. ఆ మాటల్లో "మీరేం చేయమంటారు" అన్నది ఉండకూడదు. "ఆవిడ మాట్లాడగలిగితే ఏం కోరుకునేవారు?" అని అడగాలి. విన్నాక "అయితే నా సలహా ఇది" అని డాక్టరే చెప్పాలి. బరువు ఆయన సగం మోయాలి.

చట్టం విషయంలో మనవాళ్లకు భయం ఎక్కువ. అంత అక్కర్లేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనంది, ముందస్తు వీలునామాను గుర్తించింది. ఇది ఆస్తి వీలునామా కాదు, కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం. 2023 జనవరిలో నిబంధనలు సడలించింది. ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి దగ్గర ధ్రువీకరించుకుంటే చాలు. మన తరఫున మాట్లాడేవాళ్లుగా ఒకరికన్నా ఎక్కువమందిని రాసుకోవచ్చు. వీలునామా లేకపోయినా దారి మూసుకుపోలేదు. ప్రాణాన్ని నిలబెట్టే చికిత్స ఆపొచ్చా లేదా అన్నది కుటుంబం సమ్మతితో ఆసుపత్రిలోనే రెండు వైద్య బోర్డులు, వీలైతే చెరో 48 గంటల్లో, తేల్చాలి. కాగితం మీద ఇదంతా ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. తెలంగాణలో ఏ ఆసుపత్రి మెట్లెక్కినా కుటుంబానికి ఈ సంగతి చెప్పే మనిషి ఒకరుండాలి.

అయితే వీలునామా రాయాలంటే మతి స్థిమితంగా ఉండాలి. డిమెన్షియాలో ఆ గడువు మొదట్లోనే ఉంటుంది, తర్వాత ఉండదు. కాబట్టి ఈ మాట ఎత్తాల్సింది మతిమరుపు జబ్బులు చూసే మెమరీ క్లినిక్‌లో, జబ్బు పేరు చెప్పిన మొదటి నెలల్లోనే. మనకు ఆ శక్తి లేదనను. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మందిని పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని 2013లో చెప్పింది ఈ ఊరి పరిశోధకులే. ప్రపంచమంతా చదివింది దాన్ని. అంత పని చేసిన ఊళ్లో, "రేపు మింగలేకపోతే మీకేం కావాలమ్మా?" అని అడగడానికి ఒక నర్సుకు శిక్షణ ఇవ్వలేమా? జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే ఉపశమన వైద్యమూ ఇక్కడ కొత్తేమీ కాదు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఏళ్లుగా ఉంది, చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. కానీ ఉపశమనమంటే క్యాన్సర్‌కే అన్న అలవాటు పడిపోయింది. డిమెన్షియా రోగికీ నొప్పి ఉంటుంది, ఆయాసం ఉంటుంది. చెప్పుకోలేదు కాబట్టి ఇంకా ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

నాలుగో రోజున అక్కే తెగించింది. "కట్లు విప్పండి, ఇంటికి తీసుకుపోతా" అంది. పంపడానికి ఆసుపత్రి ఒకే షరతు పెట్టింది, వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం చేయాలి. ఆ సంతకంతో వైద్యం మొత్తం గేటు దగ్గరే ఆగిపోయింది. ఆయాసానికి మందు లేదు, రాత్రి ఫోన్ చేస్తే పలికే డాక్టర్ లేడు. పెద్దమ్మ పదకొండు రోజులుంది. అక్క రోజూ గోరువెచ్చటి రాగిజావ చెంచాతో పెట్టింది, కొన్ని రోజులు నాలుగు చెంచాలు, కొన్ని రోజులు పెదవులు తడపడమే. పోయిన తెల్లవారుజామున మరణ ధ్రువీకరణ రాసివ్వడానికి ఒక డాక్టర్ కోసం నేను మూడు క్లినిక్కులు తిరిగాను. డిశ్చార్జ్ కాగితంలో ఆ వాక్యం చూసి ఇద్దరు వెనక్కి తగ్గారు.

ఆ కాగితం అక్క దగ్గర ఇప్పటికీ ఫైల్లో ఉంది. సలహాకు విరుద్ధంగా తీసుకెళ్లింది నువ్వే అని అది ఆమెతో చెబుతూనే ఉంటుంది. "తప్పు చేశానంటావా?" అని పోయినవారం కూడా అడిగింది. అదే చోట ఆసుపత్రి "కుటుంబంతో మాట్లాడి, ఇంటి దగ్గర ఉపశమన వైద్యం కొనసాగించడానికి పంపుతున్నాం" అని రాసి, కింద ఒక ఫోన్ నంబరు వేసి, డాక్టర్ సంతకం పెట్టి ఉండొచ్చు.