పింఛనుకు ఒకటో తారీఖు ఉంది, చదువుకు ఎందుకు లేదు?

మా ఊరి అమ్మాయి ఒకతె శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో పీజీ రెండో ఏడాది చదువుతోంది. నాన్న చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్తాడు, అమ్మ పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. ఆ పిల్ల, మరో ముగ్గురు కలిసి గది అద్దెకు తీసుకుని వండుకు తింటున్నారు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తన లెక్కల పుస్తకం చూపించింది. పాత రికార్డు బుక్కులో మిగిలిన పేజీలు చింపి కుట్టుకున్న పుస్తకం అది. ఎడమ వైపు ఖర్చు: గది అద్దెలో తన వాటా, గ్యాస్, నూనె, కూరగాయలు, జెరాక్స్, ఫోన్ రీఛార్జ్. బియ్యం లేవు, అవి ఇంటి నుంచే మూట కట్టి తీసుకెళ్తుంది. కుడి వైపు రాబడి: అమ్మ ఇచ్చింది ఇంత, నాన్న ఫోన్‌పే చేసింది ఇంత. వాటి కింద ‘స్కాలర్‌షిప్’ అని రాసి, అంకె వేయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. పేజీలు తిప్పుతుంటే ప్రతి నెలా అదే ఖాళీ. మిగతావన్నీ పెన్నుతో రాసి, ఆ ఒక్కటీ పెన్సిల్‌తో రాసింది. ఎందుకమ్మా అని అడిగితే, "పడిన రోజు పెన్నుతో రాస్తాను మావయ్యా" అంది.

ఆ పుస్తకం చూశాక, విద్యార్థులకు బడ్జెట్ వేసుకోవడం నేర్పాలి అనే మాట వినడం నాకు కష్టంగా ఉంది. ఏటా ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆర్థిక అక్షరాస్యత వారం జరుపుతుంది. కాలేజీలకు బ్యాంకు అధికారులు వచ్చి అవసరం ఏది, కోరిక ఏది, పొదుపు ఎంత అని చెబుతారు. మంచిదే, కాదనను. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూలి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు పొదుపు ఎవరూ నేర్పక్కర్లేదు. పది రూపాయలతో రెండు పూటలు ఎలా గడపాలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకునే వచ్చారు. వాళ్లకు లెక్క తెలుసు. తెలియనిది తేదీ ఒక్కటే. డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు బడ్జెట్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఫీజు రీయింబర్స్‌మెంట్ కథ తెలియనివాళ్లు మన దగ్గర ఎవరూ లేరు. వైఎస్ హయాంలో మొదలైంది. 2020లో ఫీజుకు విద్యా దీవెన, తిండికి, గదికి వసతి దీవెన అయ్యింది. ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పేరుతో ఫీజుకు ఆర్‌టీఎఫ్, తిండికి, గదికి ఎంటీఎఫ్ అంటున్నారు. డబ్బు ఒకసారి కాలేజీ ఖాతాలోకి, ఒకసారి తల్లి ఖాతాలోకి, మళ్లీ కాలేజీ ఖాతాలోకి అంటూ దారి మారుతూ వచ్చింది. ఏ ఖాతాలో వేయాలన్న దాని మీద జరిగినంత వాదన, ఏ తేదీన వేయాలన్న దాని మీద జరగలేదు. నా దృష్టిలో అసలు ప్రశ్న రెండోదే.

వసతి దీవెనను 2020 ఫిబ్రవరి 24న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించింది మన విజయనగరంలోనే. ఐటీఐ పిల్లలకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలు, రెండు విడతల్లో అన్నారు. డిగ్రీ పిల్లకు విడతకు పదివేలు. ఆ పదివేలు జూలైలో అవసరమయ్యి జనవరిలో చేతికొచ్చిందనుకుందాం. మధ్యలో ఆ పిల్ల తినకుండా ఉండదు, గది అద్దె ఆగదు. వాళ్లమ్మ అప్పు చేస్తుంది. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీకి దొరికితే దయగల మనిషి దొరికినట్టే. పదివేలకు నెలకు 300, ఆరు నెలలకు 1,800. ఐదు రూపాయల వడ్డీ అయితే 3,000. అంటే ప్రభుత్వం పదివేలు ఇచ్చానని లెక్క రాసుకుంటుంది, విద్యార్థికి అందింది ఎనిమిది వేలో, ఏడు వేలో. మిగతాది ప్రజల పన్నుల సొమ్ములోంచి వడ్డీ వ్యాపారికి వెళ్లింది. ఈ సంగతి బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కిందా కనిపించదు. తల్లి చెవిలో ఉండాల్సిన దుద్దులు కుదువ కొట్లో ఉంటే, అక్కడ కనిపిస్తుంది.

అందుకే సాయం పెంచండి అనే డిమాండ్ కంటే ముందు, తేదీ చెప్పండి అనే డిమాండ్ రావాలంటాను. తేదీ తెలిసిన ఎనిమిది వేలు, తేదీ తెలియని పదివేల కంటే పేద ఇంటికి ఎక్కువ పనికొస్తాయి. తేదీ తెలిస్తే డ్వాక్రా సంఘంలో అక్కలు తక్కువ వడ్డీకి సర్దుతారు, ఎందుకంటే తిరిగొచ్చే రోజు వాళ్లకు కనిపిస్తుంది. గది యజమాని ఆగుతాడు. కిరాణా కొట్టువాడు ఖాతా రాసుకుంటాడు. మన పల్లెల్లో అరువంతా మాట మీదే నడుస్తుంది. తేదీ లేనివాడి మాటకు విలువ ఉండదు. ప్రభుత్వం తన మాటకు తేదీ పెట్టకపోతే, ఊళ్లో మాట పోగొట్టుకునేది ఆ పిల్ల తల్లి.

ఖజానా ఇబ్బందుల్లో ఉంది, కేంద్రం వాటా ఆలస్యంగా వస్తుంది, కాలేజీల లెక్కలు తనిఖీ చేయాలి కదా అని అధికారులు అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ ఇదే ప్రభుత్వం, ఇదే ఖజానా ప్రతి నెలా ఒకటో తారీఖున 60 లక్షలకు పైగా ఇళ్లకు పింఛను పట్టుకెళ్తోంది. ఒకటో తారీఖు సెలవొస్తే ముందు రోజే ఇస్తున్నారు. వృద్ధులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. మా ఊళ్లో అవ్వలు తెల్లారకముందే స్నానం చేసి అరుగు మీద కూర్చుంటారు, సచివాలయం ఉద్యోగి వస్తాడని వాళ్లకు అంత నమ్మకం. అది రాజకీయంగా ముఖ్యమనుకున్నారు కాబట్టి అన్నిటికన్నా ముందు దానికి డబ్బు తీసి పక్కన పెడుతున్నారు. కాబట్టి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. వరసలో ఎవరు ముందు నిలబడాలన్నది తేల్చినవాళ్లు, విద్యార్థిని చివర నిలబెట్టారు.

నిశ్చయంగా తెలిసిన సాయం ఎంత మార్పు తెస్తుందో ఆ అమ్మాయి పుస్తకంలోనే ఉంది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలయ్యాక ఖర్చుల్లో బస్సు ఛార్జీ గీత మాయమైంది. పల్లెవెలుగు ఎక్కితే సున్నా టికెట్ ఇస్తారని తెలుసు కాబట్టి, ఇప్పుడు రెండు వారాలకోసారి ఇంటికొచ్చి బియ్యం, పప్పు తీసుకెళ్తోంది. అంతకుముందు నెలకోసారి వచ్చేది. బస్సు సాయానికి దరఖాస్తు లేదు, విడత లేదు, ఎదురుచూపు లేదు. బస్సు ఆగినప్పుడల్లా ఆ సాయం ఉంటుంది. పుస్తకంలో ఆ పిల్ల నమ్మి లెక్క వేసుకోగలిగిన ప్రభుత్వ సాయం అదొక్కటే.

బ్యాంకు రుణం ఉంది కదా అనేవాళ్లు ఒకసారి నిబంధనలు చూడాలి. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మికి హామీదారు అక్కర్లేదు, తాకట్టు అక్కర్లేదు, ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి పది లక్షల వరకు రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. కానీ అది ర్యాంకులున్న విద్యా సంస్థల జాబితాకే. తొలుత 860 సంస్థలతో మొదలుపెట్టారు. జాబితాలో లేని కాలేజీలో చేరిన పిల్లకు ఆ గుమ్మం తెరుచుకోదు. పైగా అద్దె కట్టడానికి పదివేలు కావాల్సిన మనిషిని లక్షల అప్పు తీసుకోమనడం ఏ లెక్కన సాయం?

ఆలస్యానికి అసలు మూల్యం వడ్డీ కూడా కాదు. ఎచ్చెర్ల దాటి హైవే మీద విశాఖ వైపు వెళ్తే పైడిభీమవరం వస్తుంది, మందుల కంపెనీలు. ఫీజు కోసం ఒక్క సెమిస్టర్ పని చేసి వస్తానని నైట్ షిఫ్టుకు వెళ్లిన కుర్రాళ్లు నాకు తెలుసు. ఒకడు వెనక్కి వచ్చి పరీక్ష రాశాడు. ఇద్దరు రాలేదు. నెల తిరిగేసరికి జీతం పడుతుంటే, ఎప్పుడు వస్తుందో తెలియని స్కాలర్‌షిప్ నమ్ముకుని చదవమని ఆ తల్లిదండ్రులకు ఎలా చెప్పగలం? వాళ్లు చదువు మీద ఆశ లేక మానలేదు. తేదీ ఉన్న డబ్బు వైపు వెళ్లారు.

ఇది చదువు ఒక్కదానితో ఆగే సంగతి కాదు. ఉత్తరాంధ్ర మనుషుల కాలానికి ఎప్పుడూ ఎవరూ విలువ కట్టలేదు. జంఝావతి సాగునీటి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1976లో, ఇంకా పూర్తి కాలేదు. వంశధార మీద నేరడి బ్యారేజీ విషయంలో ఒడిశాతో ఉన్న గొడవ మీద వంశధార ట్రైబ్యునల్ 2010లో ఏర్పడి 2017లో తుది తీర్పు ఇచ్చింది, రైతు ఇంకా నీటి కోసం ఒడిశా వైపు చూస్తూనే ఉన్నాడు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన విశాఖ రైల్వే జోన్ కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో అయ్యింది. గిరిజన విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టంలో ఉంటే తరగతులు మొదలైంది 2019లో. వీటన్నిటిలో ఉన్న పోలిక ఒకటే. ఇస్తామన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. చెప్పినా నిలబడలేదు. ఈ నేల మీద తేదీ ఖాయంగా ఉన్నది వలస రైలుకే. ఆముదాలవలస స్టేషన్‌లో చెన్నై బండి కోసం మూటలతో కూర్చున్న మనిషికి, అక్కడ మేస్త్రీ వారం కూలి ఏ రోజు ఇస్తాడో తెలుసు. ఊళ్లో ఉంటే ఏది ఎప్పుడొస్తుందో తెలియదు. మన జిల్లాలు ఎందుకు ఖాళీ అవుతున్నాయని అడిగేవాళ్లు, వర్షపాతం లెక్కలతో పాటు ఇది కూడా చూడాలి.

ఎదురుచూపు అలవాటైన ఇంట్లో పుట్టిన పిల్లకు యూనివర్సిటీ కూడా అదే నేర్పుతోంది. ఫీజు పడలేదని సర్టిఫికెట్ ఆపడం, హాల్ టికెట్ రోజున ఆఫీసు కిటికీ దగ్గర నిలబెట్టడం, ఇంటికి ఫోన్ చేసి కట్టమనడం. నేను చదువుకునే రోజుల్లో ఒక కాలేజీ గుమాస్తా నా స్కాలర్‌షిప్ ఇంకా రాలేదని క్లాసులో అందరి ముందూ పేరు చదివాడు. ముప్పై ఏళ్లు దాటినా ఆ గది, ఆ ఫ్యాన్ చప్పుడు నాకు గుర్తున్నాయి. తప్పు నాది కాదని అప్పుడు నాకు తెలియలేదు.

అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. విద్యా సంవత్సరం మొదట్లో యూనివర్సిటీలు అకడమిక్ క్యాలెండర్ విడుదల చేస్తాయి. మిడ్ పరీక్షలు ఎప్పుడు, సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడు, దసరా సెలవులు ఎప్పుడు అన్నీ అందులో ఉంటాయి. పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ, అది దాటితే జరిమానాకు ఇంకో తేదీ కూడా ప్రకటిస్తారు. విద్యార్థి కట్టాల్సిన ప్రతి రూపాయికీ తేదీ ఉంది. ఎచ్చెర్ల అంబేద్కర్ వర్సిటీలో, విజయనగరం జేఎన్‌టీయూలో వచ్చే జూన్‌లో ఆ క్యాలెండర్ వేసేటప్పుడు ఇంకో రెండు గీతలు కలపాలి. మొదటి విడత స్కాలర్‌షిప్ పడే తేదీ, రెండో విడత పడే తేదీ. కింద ఆర్థిక శాఖ అధికారి సంతకం. ఆ తేదీ దాటితే రోజుకింత అని ప్రభుత్వమే విద్యార్థి ఖాతాలో జరిమానా వేయాలి, పరీక్ష ఫీజుకు వాళ్లు మా పిల్లల దగ్గర వసూలు చేసినట్టే.