మొటిమకు సూది: ఎక్కడ గుచ్చుతున్నారన్నదే అసలు ప్రశ్న

మొటిమలకు ఆక్యుపంక్చర్ అనగానే ముఖం నిండా సూదులు కళ్ల ముందు మెదులుతాయి. చైనా సంప్రదాయ వైద్యంలో మాత్రం చాలా సూదులు ముఖానికి దూరంగానే పడతాయి. ఊపిరితిత్తుల్లో వేడి చేరడం, పొట్టలో, పేగుల్లో తేమ, వేడి పేరుకోవడం మొటిమలకు కారణాలని ఆ వైద్యం చెబుతుంది. మన ఇళ్లలో అనుకునే "వేడి చేసింది"కి ఇది దగ్గరి చుట్టమే. అందుకే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య హెగు, మోకాలి కింద జుసాన్లి, మెడ వెనుక దాజుయి లాంటి బిందువులు ఎంచుకుంటారు. సుమారు పావు మిల్లీమీటరు మందం సూదిని 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఒక్కసారి వాడి పారేసే సూదులైతే చిన్నగా కమిలిపోవడం మినహా పెద్ద ప్రమాదం ఉండదు. వీపు మీది ఫెయిషు అనే బిందువు దగ్గర మాత్రం ఏటవాలుగా, పైపైనే గుచ్చాలి. నిటారుగా లోతుకు దించితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు. గర్భిణులకు హెగు బిందువును సంప్రదాయమే వద్దంటుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది అగ్నిసూది దగ్గర. సూదిని మంట మీద ఎర్రగా కాల్చి, నేరుగా మొటిమలో గుచ్చి, క్షణంలో లాగేస్తారు. చీము బయటికొచ్చి మొటిమ అణుగుతుంది. అది గడ్డను కోసి చీము తీయడం లాంటిదే. జిడ్డు గ్రంథుల జోరు, రంధ్రం మూసుకుపోవడం అలాగే ఉంటాయి కాబట్టి పక్కనే ఇంకోటి లేస్తుంది. పైగా చామనఛాయ చర్మం మీద చిన్న కాలిన గాయమైనా నెలల తరబడి నల్లమచ్చగా మిగులుతుంది. గట్టిగా నొక్కితే మొటిమ లోపలే పగిలి వాపు పెరుగుతుంది. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారు చర్మవైద్యుణ్ని అడగకుండా అగ్నిసూది జోలికి వెళ్లకూడదు.

మరి ఆధారాలు? 2015లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ ప్రచురించిన సమీక్ష మొటిమల ప్రత్యామ్నాయ చికిత్సలపై 35 ప్రయోగాలను, 3,227 మందిని పరిశీలించింది. ఆక్యుపంక్చర్ మొటిమలను తగ్గిస్తుందని చెప్పగల గట్టి రుజువు దొరకలేదు. మొటిమలు వాటంతటవే పెరిగి తగ్గుతుంటాయి. బాగా ముదిరినప్పుడే జనం చికిత్సకు వెళతారు కాబట్టి, ఆ తర్వాత తగ్గినదంతా సూది ఖాతాలో పడిపోతుంది. గుచ్చినట్టు అనిపించే ఉత్తుత్తి సూదులతో పోల్చి చూస్తే తప్ప నిజం తేలదు.

సూది మీద నమ్మకం ఉంటే దూరపు బిందువులకే పరిమితం కండి, రాసే మందు మాత్రం ఆపకండి. అడపలీన్ 0.1 శాతం జెల్ రాత్రిపూట ముఖమంతటికీ బఠానీ గింజంత చాలు. గర్భిణులు వాడకూడదు. ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం రాయాలి, తువ్వాలుకు అంటితే రంగు పోతుంది. మొదటి వారాల్లో చర్మం పొట్టు లేస్తుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, చాలామంది మూడో వారానికే మానేస్తారు. నొప్పితో లోతుగా గడ్డలు కడుతుంటే సూది చికిత్స పది సిట్టింగులు పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే చర్మవైద్యుణ్ని కలవాలి. ఆ ఆలస్యంలోనే గుంటలు పడతాయి.